మధ్యలో క

మూలం ఒక్కటే.
వేదాయపాళెంలో టైర్ల షాపు పైగది,
ఫ్యాను వేస్తే కాగితాలు లేచిపోయే బల్ల.
పొద్దున్నే తెరుస్తాను దాన్ని:
రొయ్యల గుంటలో గాలి కొట్టే యంత్రం,
నాలుగు చక్రాలు, ఒక మోటారు, ఎనభై ఆరు పేజీలు.

పుస్తకాలు మాత్రం రెండు.
నీలం అట్ట రైతుకి, ఎర్ర అట్ట మెకానిక్కుకి.
బరువు, కొలతలు, వారంటీ ఇద్దరికీ అవే.
చక్రానికి నాచు చుట్టుకుంటే చేయాల్సిందీ అదే.
అక్కడక్కడా ఒక వాక్యాన్ని పక్కకి పిలిచి
చెవిలో చెబుతాను:
నువ్వు రైతు కాడికి పోబాక.
నువ్వు మెకానిక్కుకి కనపడబాక.
చెప్పినట్టు వింటాయి,
గుర్తు తెరిచిన చోటూ మూసిన చోటూ సరిగ్గా ఉంటే.

ముప్పై నాలుగో పేజీలో కరెంటు పెట్టె మూత.
మెకానిక్కుకి: తెరవండి.
రైతుకి: తెరవకండి.
తేడా ఒక్క క.
మా ఇళ్ళల్లో తెరవబాక అని అరుస్తాం,
గుర్రు పెట్టేవాడికి కూడా వినపడుతుంది.
పుస్తకం భాషలో అది
పదం కడుపులో ముడుచుకుని పడుకుంటుంది.
లేకపోయినా పదం కుంటదు,
అచ్చుతప్పుగా కూడా కనపడదు.

ఆ గురువారం ఒక గుర్తు మూయడం మర్చిపోయాను.

మూడొందల నీలం అట్టలు
పార్సిల్ ఆఫీసు దాటి
విడవలూరుకీ ఇందుకూరుపేటకీ అల్లూరుకీ వెళ్ళిపోయాయి.

వెనక అట్ట మీది నంబరు కస్టమర్ కేర్‌ది.
కస్టమర్ కేర్ అంటే నేనే.
రాత్రి రెండింటికి మోగింది.
"అమ్మా, చెంగయ్యని. రామతీర్థం కాడ గుంట.
చక్రం ఆగిపోయింది, రొయ్య పైకి తేలతా ఉండాది.
మూత మీదేమో పుర్రె బొమ్మ.
పుస్తకంలోనేమో తెరవమని.
రెంట్లో ఏది నమ్మేది?"

తెరవబాకండి అన్నాను.
పుస్తకం భాష గొంతులోకి రాలేదు.
మెయిను కట్టేయండి, మస్తాన్ వలిని లేపుతా.

కోవూరు నుంచి స్కూటరు మీద వచ్చాడు మస్తాన్ వలి,
డిక్కీలో స్పానర్ల కింద ఎర్ర అట్ట,
దాని మీద టీ గ్లాసు వలయాలు,
ఒక్కసారీ విప్పని పుస్తకం.
తెరిచాడు, బాగుచేశాడు, మూశాడు.
అప్పటికే రెండు బుట్టల రొయ్య పోయింది.
దాని గురించి చెంగయ్య నన్నేమీ అనలేదు.
అంటే బావుండేది.

శనివారం సవరణ చీటీలు పట్టుకుని బయల్దేరాను,
మూడొందలు, వెనక జిగురుతో.
చెంగయ్య మోటారు కొట్టంలో
మేకుకి బైండింగ్ తీగతో వేలాడుతోంది నీలం అట్ట.
ముప్పై నాలుగు తిప్పాను.
నా చీటీకి అక్కడ పని లేదు.
వకీ సున్నకీ మధ్య,
పైనుంచి బాణం గీసి,
బాల్ పెన్నుతో దూర్చాడు క.
కాగితం చిరిగేటంత గట్టిగా.

దాని కింద, మార్జిన్లో, వంకర అక్షరాల్లో ఇంకో మాట:
"కరెంటు పోయి వచ్చే రాత్రి
తడి చేత్తో దీని కాడికి రాబాక."

ఎనభై ఆరు పేజీల్లో ఎక్కడా లేదు ఆ మాట.

సోమవారం మూలం తెరిచి దాన్ని దించాను.
రైతుకనీ మెకానిక్కుకనీ గుర్తేమీ తగిలించలేదు.
రాబాకని రావద్దు చేయబోయి
వేలు వెనక్కి తీసుకున్నాను.