ముగ్గురికి ఒకటి

జూలైలో రావాల్సిన కట్టలు
నవంబరు వానలో దిగినాయి.
తాడు విప్పతా ఆటో అతను
"ఇవేమన్నా ఉప్పు మూటలా సార్, కరిగిపోడానికి" అన్నాడు.
దొరస్వామి సారు పలకలేదు.
చొక్కా విప్పి పై కట్ట మీద కప్పి
బనీనుతో నిలబడినాడు,
చిత్తూరు గవర్నమెంటు కాలేజీ మొత్తం చూస్తా ఉండగా.

బుక్ బ్యాంకు అంటే రెండు ఇనుప బీరువాలు.
ఒకదానికి తాళం పడదు,
ఇంకోదానికి పడిన తాళం రాదు.
వరండాలో మేము అరవై ఒక్క మంది,
కట్టలో ఇరవై పుస్తకాలు.
సారు వేళ్లు మడిచి లెక్కేసినాడు:
"ముగ్గురికి ఒకటి.
మిగిలిన ఒకరికి నా తలకాయ."

పేర్లతో ఆయనకు పని లేదు,
బస్సు బోర్డు చదివినట్టు పిలుస్తాడు.
"పెనుమూరూ, ఐరాలా, గుడిపాలా,
రాండి, సంతకాలు పెట్టండి.
పోగొడితే మూడింతలు కట్టాల.
పుస్తకం తిరిగి రాకుంటే హాల్ టికెట్ లేదు, ముగ్గురికీ."
పెనుమూరు నేను.
గుడిపాల హసీనా.
ఐరాల ఢిల్లీరాణి;
రిజిస్టరు గడిలో ఆ పేరు పట్టక
రాణి కింది వరసలోకి జారింది.

కర్బన రసాయన శాస్త్రం, నాలుగు వందల పేజీలు.
సోమ, మంగళ నాకు.
బుధ, గురు హసీనాకు.
శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఢిల్లీరాణికి.
ఒక దినం ఎక్కువెందుకని మేము అడగలేదు,
వాళ్లింట్లో కరెంటు సంగతి మాకు తెలుసు.

గాంధీ రోడ్డులో జెరాక్సు పేజీకి రూపాయి.
మొత్తం తీయిస్తే మా అమ్మకి రెండు దినాల కూలి.
బెంజీను దాటే స్తోమత నాకు లేకపోయింది.

పుస్తకం మాకన్నా ఎక్కువ తిరిగింది.
ఒకసారి నాకు జ్వరమొస్తే
కండక్టరు మునిరత్నం పెట్టె మీద కూర్చుని
టికెట్టు లేకుండా ఒకటే గుడిపాల పోయింది.
మార్జిన్లలో మేము పెన్సిలుతో మాట్లాడుకుంటాం.
'ఈ చర్య అర్థం కాలా' అని హసీనా.
కింద నేను, 'నాకూ.'
సోమవారం తెరిస్తే
బాణాలేసి, మెట్టు మెట్టుగా, చిన్నక్షరాల్లో
ఢిల్లీరాణి.

జూన్‌లో ఆమె రాలేదు.
మూడు సోమవారాలు నా సంచి తేలిగ్గా ఉండింది.
హాల్ టికెట్ల కిటికీ దగ్గర సారు
రిజిస్టరు చూసి తల అడ్డంగా ఊపినాడు.
హసీనా ఏడ్చింది. నేను తిట్టినా.

ఐరాలలో బస్సు దిగి అడిగితే
"పల్ప్ ఫ్యాక్టరీకి పోతాది, రాత్రి డ్యూటీ" అన్నారు.
గేటు బయట తోతాపురి లారీలు,
టోకెన్లు చేతిలో పట్టుకుని రైతులు,
మా వరండా మాదిరే.
ఆ తీపి గొంతులో అడ్డం పడింది.
రబ్బరు చేతొడుగులు పీక్కుంటా వచ్చింది.
దోవంతా కూడబెట్టుకున్న తిట్లు
నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"సీజను అయిపోతానే వస్తా" అనింది.
"పంపిద్దామంటే మన బస్సు పోయినాకనే నాకు డ్యూటీ దిగేది."
క్యారియరు సంచిలోంచి తీసింది.
అట్టకి ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు,
గోనె కుట్టే దారంతో నాలుగు మూలలా కుట్టి.
నూట ఎనభై ఏడో పేజీలో
పసుప్పచ్చ బొటనవేలి ముద్ర.
ఎస్టర్లు. పండుకు వాసన యాడినుంచి వస్తుందో
చెప్పే పేజీ అది.
అరటి ఉంది, పైనాపిల్ ఉంది.
మామిడి లేదు.
మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టింది.

మరకకు ముప్పై రూపాయలు జరిమానా.
సారు ఆ పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు చదివినట్టు ఉండినాడు.
జరిమానా రాయలేదు. నవ్వనూ లేదు.
తీసుకున్న వరసలో మూడు సంతకాలు,
ఇచ్చిన వరసలో నాది, హసీనాది.
మూడోది కూడా నేనే గీకేద్దామని వంగితే
రూళ్లకర్ర అడ్డం పెట్టినాడు.

రెండు హాల్ టికెట్లు మా చేతికిచ్చి
మూడోదాన్ని
తాళం పడని బీరువాలో పెట్టినాడు.