అడుగున పేరు

చౌటుప్పల్ రోడ్డు దిగినంక
రేకుల షెడ్డు, లోపల మూడు మిషన్లు.
రెండో మిషన్ కాడ నేనుంట.
నలభై రెండు సెకన్లకొక బిందె
వేడిగ, ఇంక మెత్తగ,
మూతికి తోక లెక్క అతుకేసుకొని పడ్తది.
కత్తితోని ఆ అతుకు కోసుడు నా పని.
వెలుతురుకెత్తి చూసి
బొక్క ఉంటె ఎడమకు, లేకుంటె కుడికి.

దీనికి రూపం పోసినోడు ఖాసీం.
బాలానగర్‌ల ఉక్కు దిమ్మెను రెండుగ చీరి
లోపట గాలికి ఆకారం చెక్కిండు.
అచ్చు బిగించిన్నాడు నన్ను పిల్చి
"అక్కా, జర సంకన పెట్టి చూడు" అన్నడు.
నీళ్లు నింపి, గేటు దాక పోయి వచ్చిన.
మెడ ఇరుకు, వేళ్లు మలిచి పట్టరాదని చెప్పిన.
నాది మర్రిగూడ దిక్కు.
ఆ నీళ్లు తాగి పెరిగిన వేళ్లు
అడిగినంత మలుగయి.
ఆయన గోటితోని గీసి, కొలిచి
"ఆరు మిల్లీమీటర్లు" అన్నడు,
ఏదో అప్పు ఒప్పుకున్నట్టు.

సేటు కాల్క్యులేటర్ తీసిండు.
ఆరు మిల్లీమీటర్లంటె లక్షా ఎనభై వేలట.
అచ్చు అట్లనే ఉండిపోయింది.
మారింది బరువు:
మొదలు తొమ్మిదొందల గ్రాములు,
దసరాకు ఎనిమిదొందల పది,
ఇప్పుడు ఏడొందల ఇరవై.
తూకం కాడ బుక్కుల రాసేది నేనే.
పలచనైన కొద్ది పక్కలు నిగనిగలాడ్తయి.
నిగనిగలాడితె అమ్ముడు పోతయి.

ఏ ఊరికి ఏ రంగో నర్సిమ్మకెరుక.
మిర్యాలగూడకు నీలం, దేవరకొండ తండాలకు ఎరుపు,
కల్వకుర్తి అంగట్ల ఆకుపచ్చ.
పసుపుది ఎవ్వలు ముట్టరు,
ఎందుకో ఆయనకు సుత తెల్వదు.
ట్రాలీ ఆటో మీద బిందెల గుట్ట, గుట్ట మీద మైకు,
మైకుల పట్నం పిల్ల గొంతు:
"నడుముకు హాయి, చేతికి సుతిమెత్తన!"
స్టిక్కర్ మీద గూడ అదే మాట,
నవ్వే ఆడామె బొమ్మ కింద.
ఆమె సంకల బిందె ఖాళీది.
భుజం చూస్తె తెలుస్తది.

పాత బిందెకు ముప్పై రూపాలు తగ్గింపు.
శుక్రారం శుక్రారం గోతాలల్ల తిరిగొస్తయి
మూతి ఇరిగినయి, చీలినయి,
కాల్చిన సువ్వతోని అతికిచ్చినయి.
గ్రైండర్ల ఏసే ముందు బోర్లిచ్చి చూస్త.
అడుగున మొల కాల్చి రాసిన పేర్లు:
బో. అండాలు. పి. సాయమ్మ.
రాత రానోళ్లయి రెండు గీతలు, ఒక చుక్క.
ట్యాంకర్ కాడ ఒకరిది ఒకరు
ఎత్తుకపోవద్దని.
ఒకదాని మీద "ఇది నాది" అని ఉన్నది, అంతే.
ఎవలదో.

గ్రైండర్ నమిలినంక
నూటికి నలభై పాలు ఆ గుండ, అరవై కొత్త గింజ.
సాయమ్మ పేరు ఎన్ని బిందెలల్ల పంచుకపోయిందో
ఏ బుక్కుల లేదు.
బయట మాత్రం కంపెనీ ముద్ర,
అది చల్లారక ముందే పడ్తది.

మొన్న ఎండకాలం నీళ్ల పైపు కారుతుందని
ఖాసీం మళ్ల వచ్చిండు.
అచ్చు ఇప్పి, మెరుగు పెట్టాలన్నడు.
సేటు అన్నానికి పోయిండు.
ఆకురాయి చప్పుడు మూడు గంటల దాక ఇనబడ్డది.
పోయేటప్పుడు నాతోని ఏం మాట్లాడలే,
చేతులు తుడుచుకున్న గుడ్డ ఇక్కన్నే మర్చిపోయిండు.

తెల్లారి మొదటి బిందె పడ్డది.
అతుకు కోస్తుంటె కత్తి ఇంకొంచెం దూరం తిరిగింది.
నాలుగేళ్లు మెడలకు పోయినయి,
మలిగినయి.
ఆరు గాదు, రెండో మూడో మిల్లీమీటర్లు.

తూకంల నాలుగు గ్రాములు ఎక్కువొస్తుంది.
నేను ఏడొందల ఇరవై అనే రాస్తున్న.