వేలెడు సందు

చీమకుర్తి దారిలో గ్రానైటు లారీ విసిరిన
కందిగింజంత రాయి,
ఊరు చేరేలోగా
అద్దమంతా సాలెగూడై అల్లుకుంది.

ఒంగోలు ట్రంకు రోడ్డు షెడ్డులో
కాలేషా కొత్తది బిగించి
అంచుల్లో నీలం టేపు అంటించి
బాలింతను అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు:
"రెండ్రోజులు నీళ్లు పొయ్యమాక.
గుంతల్లో దూకించమాక.
కిటికీ వేలెడు సందు దించే ఉంచు.
తలుపు మాత్రం దబేల్మని ఎయ్యొద్దబ్బయా,
లోపలి గాలికి దారి లేక అద్దాన్ని తోసుద్ది."

కిస్తీ ఆగదు గదా, బాడుగకే తిప్పాను.
ఎక్కిన ప్రతివాళ్లకీ ఒకటే మాట: మెల్లగా.

కొత్తపట్నం చేపల పోలేరమ్మ
గంప దించి, రెండు చేతులా తలుపు తోసి
"పడిందా నాయనా" అని మూడుసార్లు అడిగింది.

గట్టు తగాదాలో తల పగిలిన తమ్ముణ్ణి
రిమ్సుకు తెచ్చిన అన్న
దారంతా తిట్టాడు, గొంతు తగ్గించి.
దిగేటప్పుడు తలుపు అతనే నొక్కాడు.
క్లిక్. అంతే.

ఏసీ వేసినా దండగే.
ఆ సందులోంచి
పొగాకు బ్యారన్ల వాసన,
సంతనూతలపాడు దాటాక
ఎవరింట్లోనో మిరపకాయలు వేయించే ఘాటు
బాడుగ లేకుండా ఎక్కాయి.

రాత్రి వేసవి మబ్బు పడితే పట్ట కప్పాను.
గాలికి లేస్తే మళ్లీ కప్పాను.
పడింది నాలుగు చినుకులు.

మూడోనాడు టేపు పీకి
జిగురు మరక గోకుతుంటే
మా ఇంటిది క్యారేజీ సీట్లో పెట్టి
దబేల్మని తలుపేసి పోయింది.

ఉలిక్కిపడ్డాను.
అద్దం నిక్షేపంగా ఉంది.
కిటికీ మాత్రం
ఎందుకో ఇంకా
వేలెడు సందు దించే ఉంచాను.