బొటనవేలంత చోటు

చింతాద్రిపేటలో, చేపల మార్కెట్టు వెనక,
కూవం వాసన మెట్లెక్కే ఆ మేడమీది స్టూడియోలో
నా మొదటి ఉద్యోగం
గాజుకి వాజలీను పూయడం.

చిటికెన వేలితో, అంచుల వెంబడి,
పెనానికి నూనె రాసినట్టు పల్చగా.
మధ్యలో బొటనవేలంత చోటు మాత్రం
ముట్టుకోకూడదు.
"మనిషి కనిపించేది అక్కణ్ణించే,
మిగతాదంతా మనం చెప్పే మంచిమాట,"
అనేవారు వేదాచలం గారు, బీడీ ఆర్పుతూ.

పెళ్లిచూపుల ఫొటోలు పెట్టిన తిండి అది.
మొటిమలు కరిగేవి, అరువు తెచ్చిన నెక్లెసు కరిగేది,
తెరమీద పెయింటరు వేసిన ఊటీ చెరువు
ఊటీలోకంటే బాగుండేది.
మే నెల ఉక్కకి వాజలీను తనే కరిగి
మధ్యలోకి జారిన రోజున
అమ్మాయి మొత్తం పొగమంచయ్యేది.
డబ్బులు వాపసు.

నాకేమో పదును పిచ్చి.
ఆయన టీకి దిగితే చాలు,
లెన్సు కన్ను చిన్నది చేసి, దీపాలన్నీ వేసి
వెంట్రుకలు లెక్కపెట్టేలా తీసేదాన్ని.
రిటైరైన పోస్టుమాస్టరొకాయన్ని అలాగే తీశాను:
కాలరు తిప్పి వేసిన కుట్టు,
కళ్లజోడు ముక్కుమీద దిగేసిన రెండు గుంటలు,
గడ్డం గీసుకునేటప్పుడు చెయ్యి వణికిన జాడ.
చాలాసేపు చూశాడు.
"బాగా పట్టుకున్నావమ్మా," అన్నాడు
దొరికిపోయినవాడిలా.
వెళ్తూ ఫొటో బల్లమీదే మర్చిపోయాడు.
మర్చిపోయాడనే అనుకున్నాను
చాలా ఏళ్లు.

ఆ తర్వాతే దేశమ్మ వచ్చింది,
కాసిమేడు నుంచి తెల్లారగట్ట బస్సులో వచ్చి
మా కిటికీ కిందే చేపలు కోసే మనిషి.
ఆవిడ తెలుగుకీ నా తెలుగుకీ పడకపోతే
మధ్యలో అరవం సర్దిచెప్పేది.
"మొగం నీ ఇష్టం.
చేతులు మాత్రం బాగా పడాల," అంది
స్టూలు మీద సర్దుకుంటూ.

ముప్పై ఏళ్లు వంజరం కోసిన చేతులు.
ఎడమ చూపుడువేలికి కొస లేదు.
అరచేతిలో కత్తి గీసిన గీతలేవో
పుట్టుకతో వచ్చినవేవో
జోస్యుడైనా తేల్చలేడు.

వేదాచలం గారు డబ్బా నావైపు జరిపి
ఏమీ అనకుండా కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు.
గాజు తుడిచాను. మళ్లీ పూశాను.
ఈసారి చోటు మధ్యలో వదల్లేదు,
కిందికి, ఒళ్లో చేతులుండే మేరకి దింపి
లెన్సుకి జానెడు ముందు నిలిపాను.
నల్లగుడ్డ లోపల, తలకిందుల అద్దంలో
చేతులు పైన, మొహం అడుగున.

కదలొద్దంటే నవ్వొచ్చింది దేశమ్మకి.
మొహం కదిలింది, చేతులు కదల్లేదు.
ఆ ఫొటోలో నేను చెరిపిందెంతో
ఆ నవ్వు చెరిపిందెంతో
ఇప్పటికీ విడదీయలేను.
చేపపొలుసొకటి మాత్రం
బొటనవేలి గోరుపక్కన అంటుకుని
చిన్న నాణెంలా మెరుస్తోంది.

డబ్బులివ్వలేదు. వారం వారం సంకరా తెచ్చిచ్చింది,
అప్పు తీరాక కూడా.

ఎన్నో ఏళ్లకి వేదాచలం గారికి
రెండు కళ్లలోనూ శుక్లాలు.
"దేవుడు వాజలీను పూశాడే అమ్మాయ్,
చోటు వదలడం మర్చిపోయాడు."
ఎగ్మోరు కంటాసుపత్రి వరండాలో
ఆ మాట ప్రతి నర్సుకీ చెప్పారు.

కట్టు విప్పిన పొద్దున
ముందు గోడమీది గడియారం చూశారు,
తర్వాత డాక్టరు జేబులో పెన్ను,
తర్వాత నన్ను.
"తల నెరిసిందే నీకు! ఎప్పుడు?"
"నాలుగేళ్లయిందండీ."

కాసేపు మాట్లాడలేదు.
నెగటివుని వెలుతురుకి పట్టి చూసేటప్పటిలా
కళ్లు సగం మూసి
"కొంచెం వెనక్కి జరుగు," అన్నారు,
"ఇంకొంచెం."