కుండ కొలత

మఠాధిపతి పిలిచి చెప్పాడు:
"పొలిమేర తగువు మళ్ళీ లేచింది.
మార్గ్రేవుల వరస రాయి,
ఎవరి తర్వాత ఎవరో, ఎవరి కాలంలో హద్దు ఎక్కడుందో."
దూడతోలు పరిచి సీసం కడ్డీతో గీతలు గీసుకున్నాను.
నాకు ఏళ్ళు తెలియవు.
కుండలు తెలుసు.

మా అమ్మమ్మ దోబ్రవ, వెండు జాతి మనిషి,
నది తూర్పున పైన్ చెట్ల తొర్రల్లో తేనె తీసేది.
నడుముకి తాడు, పళ్ళ మధ్య పొగకర్ర.
ఆమె చెప్పిన చరిత్రలో దొరలకు ముఖాల్లేవు,
వాళ్ళు అడిగిన కుండకు మూతి వెడల్పు ఉంది.

మొదటివాడు థీట్‌గెర్.
గడ్డకట్టిన నది మీద గుర్రాలకు గోనెలు కట్టి నడిపించుకొచ్చాడు.
మట్టికట్ట పోసి దుంగలు పాతి కోట అన్నాడు.
చెట్టుకు గొడ్డలిగాటు పెట్టి మార్క్ అన్నాడు.
గాటుకీ, హద్దుకీ, హద్దు లోపలి నేలకీ
వాళ్ళకు ఒకటే మాట.
ఆ చెట్టుకు అప్పటికే ఒక గాటుంది,
కాకికాలు ఆకారంలో, మా ముత్తాత ఖోతెబోర్‌ది:
ఈ తొర్ర నాది అని.
థీట్‌గెర్ కుండ మనిషి తలంత.

కొడుకు రైన్‌వార్డ్ కుండ పందితలంత.
పైగా బిషప్‌కి పదోవంతు.
పదోవంతు మొదలైన ఏడే కోట తగలబడింది.
"మనవాళ్ళే" అనేది అమ్మమ్మ గొంతు తగ్గించి,
యాభై ఏళ్ళ తర్వాత కూడా,
గోడల్లేని అడవిలో కూడా.
మనవాళ్ళు అన్నప్పుడు నావైపు చూసేది కాదు.
మా నాన్న ఫ్లాండర్స్ నుంచి కాలవలు తవ్వ వచ్చినవాడు.

రైన్‌వార్డ్ చచ్చాక తొమ్మిదేళ్ళు
పిల్లాడి పేరు మీద తల్లి ఏలింది, ఒద్దిల.
చిత్తడి ఎండగట్టించింది, వంతెన వేయించింది,
మా నాన్నకు పార ఇచ్చింది.
కుండ మూతి ఒక్క వేలెడు తగ్గించింది.
అమ్మమ్మ ఆ వేలు ఎత్తి చూపించేది. చిటికెన వేలు.
ఆమె పేరు రాశాను.
"వరసలో ఆడపేరేమిటి, గీకెయ్" అన్నాడు మఠాధిపతి.
గీకాను. తోలు పలచబడింది.
వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే
పేజీ మొత్తంలో అక్కడొక్కచోటే ఎండ దూరుతోంది.

ఆ పిల్లాడే ఎక్కెరిక్, ఆఖరివాడు.
వాడి కుండను ఇద్దరు గెడకర్రకు తగిలించి మోసేవారు.
వేటకుక్కలకు వెండి గొలుసులు, పెళ్ళాలు ముగ్గురు,
వారసుడు సున్నా.
అప్పులు గొంతు దాకా వచ్చిన చలికాలం
మార్క్‌ను ఎనిమిది వందల మార్కులకు
ఆర్చిబిషప్ దగ్గర తాకట్టు పెట్టాడు.
వెండి తూకానికి కూడా అదే మాట మరి.
చెట్టు మీది గాటు తక్కెడలోకి నడిచొచ్చింది.
విడిపించడానికి మళ్ళీ ఎవరూ రాలేదు.

"హద్దు సంగతి రాయవేం?" అంటాడు మఠాధిపతి.
ఏ చెట్టని రాయను?
అమ్మమ్మ ఎక్కిన పైన్‌లు ఇప్పుడు
మన భోజనశాల పైకప్పు దూలాలు.
మూడోదాని మీద, పొగచూరిన చోట,
కాకికాలు తలకిందులుగా ఉంది.
నేను తప్ప ఎవరూ తినేటప్పుడు పైకి చూడరు.

ఎక్కెరిక్ కుండ ఇక్కడే ఉంది, రాతగదిలో, కిటికీ కింద.
పగలలేదు. దాన్ని పగలగొట్టే ఓపిక ఎవరికుంది?
సిరా కోసం ఓక్ కాయలు అందులోనే నానబెడతాం.
ఎన్నిసార్లు బూడిదతో తోమినా
మట్టి లోపల ఏదో మిగిలిపోయినట్టుంది.

నిన్న రాసిన పేజీ ఇవాళ తెరిస్తే
థీట్‌గెర్ మీద చీమలు,
రైన్‌వార్డ్ మీద చీమలు,
ఎక్కెరిక్ పొడవాటి బిరుదు పొడుగునా బారు తీరిన చీమలు.
ఊదలేదు.
పలచబడిన తోలు దగ్గరకొచ్చేసరికి అవి ఆగి,
చుట్టూ తిరిగి వెళ్తున్నాయి.