పాల లెక్క పక్కన

మా ఇంట్లో పాల లెక్కా పరుగు లెక్కా
ఒకే కేలెండరు మీద.
అక్టోబరు కాగితంలో ఒక గడి, అమ్మ రాత:
"పాలు అర. ఆళ్ళు పన్నెండు."
ఆళ్ళంటే మేం ముగ్గురం,
నాన్న, నేను, మా చెల్లి హైమ.
పన్నెండంటే కిలోమీటర్లు.
దాసన్నపేట నుంచి నెల్లిమర్ల దారిలో
ఎక్కడిదాకా పోయొచ్చామో ఆవిడకి అక్కర్లేదు.
"ఎల్లినోలు తిరిగొచ్చినారు. సాలు."

ఆయుధపూజ నాడు
స్కూటరు పక్కన, కత్తిపీట పక్కన
మూడు జతల బూట్లు కడిగి పెట్టాడు నాన్న.
బూట్లకి బొట్టేటని మామ్మ మొహం తిప్పుకుంది.
"పనిముట్టే కదే అమ్మా" అని
లేసు ముడికి ఒక్కో బంతిపువ్వు గుచ్చాడు.
మర్నాడు చీకట్లో
నా ఎడమ బూటులో చిక్కుకున్న రేక ఒకటి
ఆరో కిలోమీటరు దాకా
అరికాలిని గిల్లుతూనే ఉంది.

సిరిమాను రోజు పరుగు లేదు.
కోట ముందు జనంలో నాలుగు గంటలు నిలబడ్డాం.
"నిలబడ్డం రానోడికి లగెత్తడం రాదు" అన్నాడు నాన్న,
పిక్క మార్చి పిక్క మీద బరువేస్తూ.
మాను కదిలింది.
అందరూ అరటిపళ్ళు విసిరారు.
హైమ తన పండు వలిచి తినేసింది.
"రేపు పద్నాలుగు" అంది, నోటినిండా పండుతో.

దీపావళి మర్నాడు మూడున్నరకి లేచాం.
వీధంతా చిరిగిన ఎర్రకాగితం,
గొంతులో మందువాసన.
రాత్రి బాంబులకి బెదిరిన కుక్కలు
మమ్మల్ని చూసి మొరగడానికి కూడా ఓపిక లేక
అరుగుల కింద ముడుచుకున్నాయి.
నిన్నటి బూరెలు పక్కటెముక కింద కూర్చుని
తొమ్మిది తర్వాత ఒక్క అడుగు కదలనివ్వలేదు.
ఆ రోజు గడిలో అమ్మ:
"పాలు లీటరు. ఆళ్ళు తొమ్మిదే."
ఆ 'ఏ' మీద కొంచెం ఎక్కువ సిరా.

నాగులచవితికి చేలగట్ల మీద
తడిజుట్టుతో ఆడవాళ్ళు, పుట్టల చుట్టూ.
ఒకావిడ చెంబు దించి కేకేసింది.
"ఎవులు తరువుతున్నారర్రా మిమ్మల్ని?"
"ఎవులూ లేదప్పా!"
"మరెందుకు లగెత్తడం?"
మాకు జవాబు దొరికేలోపు
ముగ్గురి చేతుల్లో మూడు చిమ్మిలుండలు పెట్టింది.
నువ్వుల తీపి పళ్ళ సందులో ఇరుక్కుని
చాలా దూరం వచ్చింది మాతో.

ఆ పొద్దునే మిల్లు గేటు దాకా వెళ్ళాం.
ముప్పయ్యేళ్ళు నాన్న
కూత మొదలవకముందే చేరాలని పోయిన దారి.
సైకిలు మీద. పంచరైతే కాళ్ళ మీద.
నేను పుట్టిన రోజు కూడా
ఆస్పత్రి నుంచి నేరుగా లగెత్తాడట.
ఇప్పుడు గేటుకి గొలుసు. గొలుసుకి తుప్పు.
నాన్న ఆగాడు.
హైమ తన వాచీ ఆపబోయింది.
"ఆపకే" అన్నాడు.
"ఇక్కడ పది నిమిషాలు ఆలీసమైతే
పూట జీతం కోసేవోలు.
ఇప్పుడెవుడు కోస్తాడో సూద్దాం."
నడుం మీద చేతులేసుకుని
తీరిగ్గా, చాలా తీరిగ్గా
ఆలస్యమయ్యాడు.
చెమట చుక్క గడ్డం దాకా దిగి
అక్కడ కాసేపు వేలాడి
రాలింది.
ఆ కిలోమీటరుకి పద్దెనిమిది నిమిషాలని చూపించింది వాచీ.
హైమ ఇప్పటికీ దాన్ని చెరపలేదు.

కార్తీక సోమవారాల గడుల్లో
అమ్మ సున్నా చుట్టుకుంటుంది, ఉపవాసానికి గుర్తుగా.
చివరి సోమవారం సున్నా కింద
చీమంత అక్షరాలు:
"నాను రెండు."
"రెండేటి? లీటర్లా?" అన్నాడు నాన్న.
అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ
తల ఎత్తలేదు.
పెరటి గోడ మీద
హైమ పారేశానన్న పాత బూట్లు
నాలుకలు బయటపెట్టి ఆరుతున్నాయి.

డిసెంబరు కాగితం తిప్పాను.
విశాఖ పరుగు ఆదివారం గడిలో
ముందే రాసిపెట్టి ఉంది,
పాలబ్బాయికి చెప్పాల్సిన మాట:
"పాలొద్దు. ఎవులం ఉండం."