టికెట్టు అక్కర్లేని చోటు

ఒక్క మనిషికి ఒక్క గైడు.
పొద్దున ఏడున్నర నుంచి నాలుగింటి దాకా,
పడవ ఖర్చూ మంచినీళ్ల సీసా అద్దె గొడుగూ కలుపుకుని.
హోటల్ మెట్ల కింద తుక్ ద్వాన్ నిలబడి ఉంది
నా పేరు రాసిన అట్టముక్క ఎత్తి పట్టుకుని.
ఆ వేళకి అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.
అయినా దించలేదు, నేను అవునని తలూపే దాకా.

హ్వేలో వాన కురవదండీ, కాపురముంటుంది,
అన్నది మొదటి మాటగా.
ముందురోజు ఉతికిన నా మేజోళ్లకి ఆ సంగతి తెలుసు.

మధ్యాహ్న ద్వారం దగ్గర అంకెలు మొదలయ్యాయి.
ఐదు వాకిళ్లు.
నడిమిది చక్రవర్తికి,
దానికి అటూ ఇటూ మంత్రులకి,
ఆ చివరా ఈ చివరా ఏనుగులకీ గుర్రాలకీ సిపాయిలకీ.
మరి మనం?
టికెట్టు చింపే వాకిట్లోంచి, అన్నది.

లోపల తొమ్మిది కంచు గంగాళాలు,
ఒక్కొక్కటీ ఒక్కో రాజు పేరున.
పొట్టల మీద పులి, పనసచెట్టు, నదులు, పడవలు:
రాజ్యాన్నంతా పోతపోసి పెట్టారు, ఎక్కడికీ పోకుండా.
ఒకదాని ఒంటి మీద తూటా దెబ్బ.
ఏ సంవత్సరమో చెప్పింది, మిగతాది చెప్పలేదు.
నేను వేలు పెట్టి చూశాను.
గుంటలో రాత్రి వాన నిలిచి ఉంది.

ఆ వెనక అంతఃపురం. అంటే చాలావరకు పచ్చిక,
మోకాలెత్తు పునాదులు, మధ్యలో గొడుగుల కింద మేము.
ఇదిగో వంటశాల, అని చెయ్యి గాల్లో తిప్పింది.
యాభై మంది వంటవాళ్లు, పూటకి యాభై రకాలు,
గింజ విరిగితే ఆ బియ్యం పనికిరాదు.
నాకు గడ్డి కనిపించింది.
ఫోటో తీసుకున్నాను, గడ్డినే.

మధ్యాహ్నం చల్లన్నం మీద గోరంత ఆల్చిప్పల మాంసం.
కారం మాకు కొత్త కాదని గొప్పలు పోయి
రెండో ముద్దకే ముక్కు తుడుచుకున్నాను.
కొట్టావిడ వాళ్ల యాసలో ఏదో అన్నది, ఇద్దరూ నవ్వారు.
ఏమన్నదని అడిగితే
ఆ ఒక్కటీ అనువదించలేదు.

కాగితం మీద రెండింటికి
'కోట గోడ, పది నిమిషాలు' అని ఉంది.
గోడంటే గోడ కాదు, మీద వీధి పట్టేంత వెడల్పు.
నిజంగానే పట్టిందట.
తుక్ ద్వాన్ మెడలోని బిళ్ల తీసి సంచిలో వేసుకుంది.
పిట్టగోడ పక్కనుంచి అడుగులు లెక్కపెట్టింది,
పదకొండు, పన్నెండు, ఇంకో అర.
ఇది మా వంటిల్లు, అన్నది.

రేకుల కప్పు. వానొస్తే మాటలు వినపడేవి కావు,
అందుకే మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది.
యుద్ధానికి వచ్చినవాళ్లు, వరదకి వచ్చినవాళ్లు,
కిందెక్కడా చోటు దొరక్క పైకెక్కినవాళ్లు.
తర్వాత టేపులు పట్టుకుని వచ్చారు, కొలిచారు,
ఊరి చివర స్థలాలిచ్చారు.
అన్యాయమనను.
గోడ పాతది, మేం కొత్తవాళ్లం.
ఇన్నేళ్లలో చక్రవర్తికి ఒక్క నెలైనా అద్దె కట్టామా?

అని చెయ్యి గాల్లో తిప్పింది,
పొద్దున తిప్పినట్టే.
నేను చూశాను. మళ్లీ గడ్డే.
చూపు దించుకోబోతుంటే తనే వంగి
ఒక దుబ్బులోంచి ఆకు తెంపి, నలిపి,
నా ముక్కు దగ్గర పెట్టింది.
నిమ్మగడ్డి.
మా పిన్ని నాటింది. పీకడం మర్చిపోయారు.

పది నిమిషాలయ్యాయి.
బిళ్ల మళ్లీ మెడలోకి వచ్చింది,
గొంతు మళ్లీ గైడు గొంతయింది.
సుగంధ నది మీద పడవ మెల్లగా పోతోంది,
నది ఏ వాసనా వేయడం లేదు, నా వేళ్లు తప్ప.
అదిగో గోపురం, ఏడంతస్తులు, అంటోంది.
మీ కొత్తింటికి ఎన్ని? అన్నాను.
రెండున్నర, అన్నది,
తడుముకోకుండా.